ఎర్లీ సీరియల్ కన్సోల్ స్పీడ్, డివైస్ ట్రీ: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త బోర్డు చేతికొచ్చిన రోజు ముందుగా కావాల్సింది మూడు తీగలు: టీఎక్స్ (పంపేది), ఆర్‌ఎక్స్ (అందుకునేది), గ్రౌండ్. వాటి మీదుగా ఒక్క లైను సరిగ్గా చదవగలిగితే మిగతా పని దానంతట అదే నడుస్తుంది. ఆ లైను రాకపోతే ఏం చేసినా చీకట్లో తడుముకున్నట్టే. ఎంబెడెడ్ లినక్స్‌లోకి కొత్తగా వచ్చినవాళ్లు ఆ ఒక్క లైను కోసం నన్ను పదేపదే అడిగిన ప్రశ్నలు ఇక్కడ ఒకచోట పెట్టాను.

ఒక మాట. ప్రాపర్టీలు, కమాండ్ల పేర్లు తెలుగు లిపిలోనే రాశాను. ఫైల్లో టైప్ చేసేటప్పుడు అవన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో ఉండాలి. యూ-బూట్ (కెర్నల్‌ను లేపే బూట్‌లోడర్), జెఫిర్ (చిన్న చిప్‌లకు వాడే ఆపరేటింగ్ సిస్టమ్) కాన్ఫిగ్ ఆప్షన్ల పేర్లు మాత్రం పెద్ద అక్షరాల్లో ఉంటాయి.

‘స్టార్టింగ్ కెర్నల్’ అని వచ్చి ఆగిపోయింది. ఆ తర్వాత ఒక్క అక్షరం లేదు. బోర్డు పోయినట్టేనా?

చాలాసార్లు పోదు. ఆ మాట యూ-బూట్ చివరిగా చెప్పేది. తర్వాత కెర్నల్ నడుస్తూనే ఉంటుంది, మెసేజ్‌లను తన లాగ్ బఫర్‌లో దాచుకుంటూనే ఉంటుంది. వాటిని బయటికి పంపాలంటే సీరియల్ డ్రైవర్ లేవాలి. దానికి ముందు క్లాక్‌లు, పిన్ కంట్రోల్, ఒక్కోసారి పవర్ డొమైన్లు కూడా లేవాలి. ఈ లోపు కెర్నల్ ఎక్కడైనా కూలిపోతే, దాచుకున్న మెసేజ్‌లు దానితోపాటే పోతాయి.

ఆ ఖాళీని పూడ్చేదే ఎర్లీ కన్సోల్. కెర్నల్ కమాండ్ లైన్‌లో ‘ఎర్లీకాన్’ అని ఒక్క మాట పెడితే చాలు. డివైస్ ట్రీ (బోర్డు మీద ఏ హార్డ్‌వేర్ ఉందో కెర్నల్‌కు చెప్పే వివరాల చెట్టు)లోని ‘చోజెన్’ నోడ్ చూసి, అక్కడ చెప్పిన యూఆర్ట్ (సీరియల్ పోర్టును నడిపే హార్డ్‌వేర్) రిజిస్టర్లకు నేరుగా అక్షరాలు రాయడం మొదలుపెడుతుంది. ఇంటరప్ట్‌లు లేవు, డీఎంఏ (ప్రాసెసర్ ప్రమేయం లేకుండా డేటా కదిలించే పద్ధతి) లేదు, క్లాక్ ఫ్రేమ్‌వర్క్ (క్లాక్‌లను చూసుకునే కెర్నల్ భాగం) లేదు. ఒక అక్షరం వెళ్లేదాకా ఆగి, తర్వాతది రాస్తుంది.

‘క్లాక్ ఫ్రేమ్‌వర్క్ లేదు’ అన్న ముక్క గుర్తుపెట్టుకోండి. కింద చెప్పబోయే తిప్పల్లో చాలావరకు అక్కడి నుంచే వస్తాయి.

స్పీడ్ ఒకటే కదా, ఇన్ని చోట్ల ఎందుకు రాయాలి?

ఒకే తీగ మీద ఒకరి తర్వాత ఒకరు మాట్లాడతారు కాబట్టి. మొదట చిప్ లోపలి బూట్ రోమ్ (చిప్‌లో శాశ్వతంగా ఉండే మొదటి ప్రోగ్రామ్), తర్వాత ర్యామ్‌ను లేపే చిన్న బూట్‌లోడర్, తర్వాత యూ-బూట్, తర్వాత కెర్నల్ ఎర్లీ కన్సోల్, తర్వాత కెర్నల్ అసలు కన్సోల్, చివరికి లాగిన్ అడిగే గెట్టీ. ప్రతి ఒక్కరికీ స్పీడ్ ఎంతో చెప్పే చోటు వేరు. ఇటువైపు మీ ల్యాప్‌టాప్‌లోని టెర్మినల్ ఒక్కటే, అది ఒక్క స్పీడే వింటుంది. మధ్యలో ఏ ఒక్కరు వేరే స్పీడ్‌లో మాట్లాడినా ఆ భాగం వరకు పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి.

అందుకే పిచ్చి అక్షరాలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో ముందు చూడమంటాను. ఎవరి వంతులో తప్పు జరిగిందో అదే చెబుతుంది.

పిచ్చి అక్షరాలు వస్తే అది స్పీడ్ తప్పేనా?

ఎక్కువగా అదే, కానీ గ్రౌండ్ తీగ వదులైనా అలాగే వస్తుంది. బోర్డు 1.8 వోల్టుల మీద, ల్యాప్‌టాప్‌కు కలిపే యూఎస్‌బీ-సీరియల్ అడాప్టర్ 3.3 వోల్టుల మీద ఉన్నా వస్తుంది, పైగా పిన్ దెబ్బతినే ప్రమాదం కూడా ఉంది. తప్పు స్పీడ్ వల్ల వచ్చే చెత్త ప్రతి బూట్‌కీ దాదాపు ఒకేలా ఉంటుంది. తీగ వదులైతే రోజుకో రకంగా ఉంటుంది.

డివైస్ ట్రీలో స్పీడ్ ఎక్కడ రాయాలి?

‘చోజెన్’ నోడ్‌లో ‘ఎస్‌టీడీఅవుట్-పాత్’ అనే ప్రాపర్టీలో. దాని విలువ ఒక స్ట్రింగ్. ఉదాహరణకు రాక్‌చిప్ ఆర్‌కే3399 బోర్డుల్లో ఇలా ఉంటుంది:

‘సీరియల్2:1500000ఎన్8’

దీన్ని ముక్కలుగా చదవండి. కోలన్‌కు ముందున్న ‘సీరియల్2’ ఒక ఏలియాస్, అంటే మారుపేరు. ‘ఏలియాసెస్’ నోడ్‌లో సీరియల్2 అంటే ఏ యూఆర్ట్ అనేది వేరుగా రాసి ఉండాలి. అది లేకపోతే కోలన్ తర్వాత మీరేం రాసినా ఉపయోగం లేదు. ఏలియాస్ బదులు నోడ్ పూర్తి పాత్ రాసినా పనిచేస్తుంది. కోలన్ తర్వాత 1500000 అనేది బాడ్ రేట్, అంటే సెకనుకు ఎన్ని బిట్లు వెళ్తాయో చెప్పే స్పీడ్. ‘ఎన్’ అంటే పారిటీ (తప్పులు పట్టుకునే అదనపు బిట్) లేదు. సరి పారిటీకి ‘ఈ’, బేసి పారిటీకి ‘ఓ’ రాస్తారు. 8 అంటే ఎనిమిది డేటా బిట్లు. హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ కావాలంటే చివర ‘ఆర్’ చేర్చాలి. డీబగ్ కన్సోల్‌కు మూడే తీగలు ఉంటాయి కాబట్టి ఆ ‘ఆర్’ దాదాపు ఎప్పుడూ అక్కర్లేదు.

ఈ లైను బోర్డు డీటీఎస్ ఫైల్లో (ఆ ఒక్క బోర్డుకు రాసే డివైస్ ట్రీ సోర్స్) ఉండాలి, చిప్ డీటీఎస్ఐ ఫైల్లో (ఆ చిప్ ఉన్న బోర్డులన్నీ కలుపుకునేది) కాదు. ఏ యూఆర్ట్ పిన్నులు బయటికి తీశారో తెలిసేది బోర్డు చేసినవాళ్లకే.

కోలన్ తర్వాత భాగం రాయకపోతే ఏమవుతుంది?

ఇక్కడే చాలామంది పడతారు. ఎర్లీ కన్సోల్‌కు మంచిదే: స్పీడ్ చెప్పలేదు కాబట్టి బూట్‌లోడర్ పెట్టిన దాన్ని ముట్టుకోకుండా అలాగే వాడుకుంటుంది. కానీ 8250 జాతి యూఆర్ట్‌లో (పాత పీసీల నాటి చిప్ పేరుతో పిలిచే రకం) అసలు కన్సోల్ వచ్చేసరికి, ఎవరూ స్పీడ్ చెప్పలేదు కాబట్టి 9600కి వెళ్లిపోతుంది. అంటే మొదటి సెకను శుభ్రంగా వచ్చి, తర్వాత అంతా చెత్త. కమాండ్ లైన్‌లో ‘కన్సోల్’ పెట్టి స్పీడ్ మర్చిపోయినా ఇదే జరుగుతుంది.

కాబట్టి ‘ఎస్‌టీడీఅవుట్-పాత్’లో స్పీడ్ ఎప్పుడూ రాయండి.

బాడ్ రేట్ చిప్ లోపల ఎలా కుదురుతుంది?

యూఆర్ట్‌కు 115200 అనే అంకె తెలియదు. దానికి ఒక క్లాక్ వస్తుంది, ఒక డివైజర్ ఉంటుంది. 8250 జాతి యూఆర్ట్‌లో క్లాక్‌ను 16తో, తర్వాత డివైజర్‌తో భాగిస్తే వచ్చేదే స్పీడ్.

పాత పీసీల్లో సీరియల్ పోర్టుకు 1.8432 మెగాహెర్ట్జ్ క్లాక్ ఉండేది. దాన్ని 16తో భాగిస్తే సరిగ్గా 115200 వస్తుంది, డివైజర్ 1. ఇప్పటికీ మనం వాడే ఆ అంకె అక్కడి నుంచి వచ్చిందే. ఇప్పటి చిప్‌లలో 24 మెగాహెర్ట్జ్ క్లాక్ ఎక్కువ. 115200 కావాలంటే డివైజర్ 13.02 రావాలి, 13 పెడతారు, తేడా 0.16 శాతం. దానివల్ల ఇబ్బందేమీ లేదు. ఒక అక్షరానికి స్టార్ట్, స్టాప్‌లతో కలిపి పది బిట్లు. చివరి బిట్ మధ్యలో చదివేసరికి రెండు వైపుల తేడా కలిపి అర బిట్ దాటకూడదు. లెక్కకు అది సుమారు 5 శాతం, పనిలో మాత్రం ఒక్కో వైపు 2 శాతం లోపు ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు.

ఆర్మ్ వారి పీఎల్011 అనే యూఆర్ట్‌లో డివైజర్‌కు 64వ వంతుల భిన్నం కూడా ఉంటుంది. 48 మెగాహెర్ట్జ్ క్లాక్‌తో 115200 కావాలంటే 26, దాని పక్కన 64వ వంతులు 3. ఇంకా దగ్గరగా కుదురుతుంది.

క్లాక్ ఎంతో తెలియకుండా డివైజర్ లెక్కకట్టడం కుదరదు. ఎర్లీ కన్సోల్‌కు తెలియనిది సరిగ్గా అదే.

డివైస్ ట్రీలో 115200 తీసేసి 921600 రాశాను. ఎర్లీ కన్సోల్ స్పీడ్ మారలేదు. ఎందుకు?

యూఆర్ట్‌ను బట్టి రెండు సమాధానాలు.

పీఎల్011 అయితే ఎర్లీ కన్సోల్ కోడ్ స్పీడ్ జోలికే వెళ్లదు. మీరేం రాసినా బూట్‌లోడర్ పెట్టిన స్పీడ్‌లోనే మాట్లాడుతుంది.

8250 జాతి అయితే, స్పీడ్ ఇచ్చినప్పుడు డివైజర్ రాయడానికి కోడ్ ఉంది. కానీ క్లాక్ తెలియాలి కదా. ఆ యూఆర్ట్ నోడ్‌లో ‘క్లాక్-ఫ్రీక్వెన్సీ’ ప్రాపర్టీ అంకెగా ఉంటేనే ఎర్లీ కన్సోల్‌కు తెలుస్తుంది. ‘క్లాక్స్’ అని క్లాక్ కంట్రోలర్ వైపు చూపించే రెఫరెన్స్ ఉంటే, ఆ దశలో దాన్ని చదవగలిగే డ్రైవర్ లేదు. అప్పుడు డివైజర్‌ను వదిలేస్తుంది. 2018కి ముందు కెర్నళ్లలో ఇంకో తంటా ఉండేది: క్లాక్ తెలియకపోతే పాత పీసీ లెక్క, అంటే 1843200 హెర్ట్జ్ అనుకుని డివైజర్ రాసేసేది. ఆ ఏడాది డివైస్ ట్రీ దారిలో ఆ ఊహను తీసేశారు. చిప్ కంపెనీ ఇచ్చిన పాత వెండర్ కెర్నల్ మీద పనిచేస్తుంటే ఇది తప్పక చూసుకోండి.

యూఆర్ట్ నోడ్‌లో ‘కరెంట్-స్పీడ్’ అనే ప్రాపర్టీ కూడా రాయొచ్చు. ఎర్లీ కన్సోల్ దాన్నీ చదువుతుంది, కానీ ‘ఎస్‌టీడీఅవుట్-పాత్’లో స్పీడ్ ఉంటే చివరికి దాని మాటే నెగ్గుతుంది.

కమాండ్ లైన్‌లోనే ఎర్లీకాన్‌కు అడ్రస్, స్పీడ్ రెండూ ఇచ్చేయొచ్చు కదా?

అడ్రస్ ఇవ్వండి. స్పీడ్ ఇవ్వకండి. దీని మీద నాకు రెండు రోజులు పోయాయి, అందుకే వివరంగా చెబుతాను.

ఒక కస్టమర్ బోర్డు. యూఆర్ట్ క్లాక్ 24 మెగాహెర్ట్జ్, యూ-బూట్ 115200లో చక్కగా మాట్లాడుతోంది. కెర్నల్ మధ్యలో కూలిపోతోంది కాబట్టి ఎర్లీకాన్ పెట్టాను. యూఆర్ట్8250, 32 బిట్ల మెమరీ యాక్సెస్, అడ్రస్, చివర జాగ్రత్త కోసం 115200ఎన్8. బూట్ చేస్తే ‘స్టార్టింగ్ కెర్నల్’ వరకు శుభ్రం, ఆ తర్వాత ప్రశ్నార్థకాలు, చతురస్రాలు. కేబుల్ మార్చాను. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లి ఇంకో అడాప్టర్ కొన్నాను. డివైస్ ట్రీని లైను లైనుగా చదివాను, అందులో తప్పేమీ లేదు. టెన్షన్ తప్ప ఏమీ మిగల్లేదు.

రెండో రోజు సాయంత్రం టీఎక్స్ పిన్ మీద లాజిక్ అనలైజర్ (తీగ మీది సిగ్నల్‌ను రికార్డు చేసే పరికరం) పెట్టాను. యూ-బూట్ నడుస్తున్నంతసేపు అతి సన్నని పల్స్ వెడల్పు 8.68 మైక్రోసెకన్లు, 115200కు సరిగ్గా ఉండాల్సిందే. కెర్నల్ మొదలైన క్షణం నుంచి 0.67 మైక్రోసెకన్లు. అంటే 1500000 బాడ్. ఆ అంకె చూడగానే విషయం తెలిసిపోయింది. కమాండ్ లైన్‌లో అడ్రస్ ఇచ్చినప్పుడు క్లాక్ చెప్పకపోతే కెర్నల్ ఇప్పటికీ 1843200 హెర్ట్జ్ అనే అనుకుంటుంది. దాన్ని 16తో, 115200తో భాగిస్తే 1. డివైజర్‌లో 1 రాసింది. అసలు క్లాక్ 24 మెగాహెర్ట్జ్, దాన్ని 16తో భాగిస్తే 1500000. నేను అడిగింది 115200, వచ్చింది దానికి 13 రెట్లు.

చివరి 115200ఎన్8 ముక్క తీసేశాను. మొదటి లైను నుంచి చదవగలిగాను, కెర్నల్ ఎక్కడ కూలుతోందో అయిదు నిమిషాల్లో దొరికింది.

స్పీడ్ ఇవ్వక తప్పని పరిస్థితి కూడా ఉంటుంది: బూట్‌లోడర్ యూఆర్ట్‌ను అసలు లేపకపోతే. 2022 నుంచి స్పీడ్ తర్వాత ఇంకో కామా పెట్టి క్లాక్‌ను హెర్ట్జ్‌లలో ఇచ్చే వీలు వచ్చింది. అప్పుడు రెండూ ఇవ్వండి, ఒకటి ఇచ్చి ఒకటి వదలకండి.

అయితే డివైస్ ట్రీలో క్లాక్-ఫ్రీక్వెన్సీ రాసేస్తే పోదా?

యూఆర్ట్‌కు వచ్చే క్లాక్ ఎప్పటికీ మారదని మీకు ఖాయంగా తెలిస్తే రాయండి. ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ను మనమే మార్చుకోగల చిప్) బోర్డుల్లో అలా రాయడం మామూలే. కానీ ఆ అంకె ఎర్లీ కన్సోల్‌తో ఆగదు. మామూలు 8250 డివైస్ ట్రీ డ్రైవర్ కూడా దాన్నే ముందు నమ్ముతుంది, అది ఉంటే క్లాక్ ఫ్రేమ్‌వర్క్‌ను అడగదు. తర్వాత ఎవరో పీఎల్ఎల్ (క్లాక్‌ను తయారుచేసే సర్క్యూట్) మార్చారనుకోండి, అంకె పాతదే మిగిలిపోతుంది, రెండు కన్సోళ్లూ పాడవుతాయి. ఎర్లీ కన్సోల్‌కు సౌకర్యమని చేసిన మార్పు ఆర్నెల్ల తర్వాత ఇంకొకరికి తలనొప్పి కావడం నేను చూశాను.

కమాండ్ లైన్‌లో ‘కన్సోల్’ కూడా ఉంది, డివైస్ ట్రీలోనూ ఉంది. ఏది నెగ్గుతుంది?

అసలు కన్సోల్‌కు కమాండ్ లైనే నెగ్గుతుంది. అక్కడ ‘కన్సోల్’ ఒక్కటి కనిపించినా, ‘ఎస్‌టీడీఅవుట్-పాత్’ను అసలు కన్సోల్ కోసం కెర్నల్ చూడదు. ఎర్లీకాన్‌ను ఒట్టి మాటగా పెట్టినప్పుడు మాత్రం అది ‘ఎస్‌టీడీఅవుట్-పాత్’నే చూస్తుంది. రెండు చోట్ల రెండు స్పీడ్‌లు ఉంటే సగం ఒకటి, సగం ఒకటి.

ఇంకొకటి: కమాండ్ లైన్ డివైస్ ట్రీలో ‘బూట్ఆర్గ్స్’గా ఉంటుంది, కానీ యూ-బూట్‌లో అదే పేరుతో వేరియబుల్ ఉంటే దాంతో తిరగరాస్తుంది. డీటీఎస్‌లో మార్చాను, మారలేదు అనేవాళ్లు ముందు అక్కడ చూడాలి.

మొదట బాగా వచ్చి, ‘బూట్ కన్సోల్ డిజేబుల్డ్’ అన్నాక ఆగిపోతోంది.

అసలు కన్సోల్ లేవగానే ఎర్లీ కన్సోల్ తప్పుకుంటుంది, ఆ మెసేజ్ అదే. తర్వాత నిశ్శబ్దమైతే అసలు కన్సోల్ వేరే పోర్టుకు వెళ్లింది, లేదా క్లాక్ ఆగిపోయింది. చెత్త వస్తే స్పీడ్ వేరు. ‘కీప్_బూట్‌కాన్’ అని కమాండ్ లైన్‌లో చేర్చితే ఎర్లీ కన్సోల్ తప్పుకోకుండా ఉంటుంది. పోర్టు ఒకటే అయితే మెసేజ్‌లు రెండేసి సార్లు వస్తాయి. డీబగ్ అయ్యేదాకా అది భరించొచ్చు.

రాక్‌చిప్ బోర్డులు 1500000 ఎందుకు పట్టుకు కూర్చున్నాయి?

24 మెగాహెర్ట్జ్‌ను 16తో భాగిస్తే శేషం లేకుండా 1500000 వస్తుంది, డివైజర్ 1. అడాప్టర్ కొనేటప్పుడు మాత్రం చూసుకోండి. పాత సీపీ2102 చిప్ ఒక మెగాబాడ్ వరకే వెళ్తుంది, కాబట్టి ఈ బోర్డులకు చాలదు. సీహెచ్340 రెండు మెగాబాడ్ వరకు, ఎఫ్‌టీ232ఆర్ మూడు మెగాబాడ్ వరకు వెళ్తాయి.

115200కు మార్చుకోవచ్చు కానీ అన్ని చోట్లా మార్చాలి. ర్యామ్‌ను లేపే రాక్‌చిప్ బైనరీ కూడా తన స్పీడ్ తనలోనే పెట్టుకుని ఉంటుంది, దాన్ని మార్చడానికి వాళ్లు ఇచ్చే టూల్ వేరే. నా సలహా అయితే మంచి అడాప్టర్ కొనుక్కుని 1500000నే ఉంచుకోండి.

రాస్ప్‌బెర్రీ పైలో స్పీడ్ దానంతట అదే మారుతోంది. ఎలా?

పై 3 మోడల్‌లో మంచి యూఆర్ట్, అంటే పీఎల్011, బ్లూటూత్‌కు వెళ్లింది. కన్సోల్‌కు మిగిలింది మినీ యూఆర్ట్. దాని క్లాక్ వీడియో కోర్ క్లాక్ నుంచి వస్తుంది, అది లోడ్‌ను బట్టి మారుతుంది. 250 మెగాహెర్ట్జ్‌కు లెక్కగట్టి 115200 పెట్టారనుకోండి. కోర్ 400కు ఎక్కగానే తీగ మీద స్పీడ్ సుమారు 184500 అవుతుంది. ‘కాన్ఫిగ్’ టెక్స్ట్ ఫైల్లో ‘ఎనేబుల్_యూఆర్ట్=1’ పెడితే పై 3లో ఫర్మ్‌వేర్ కోర్ క్లాక్‌ను కదలకుండా పట్టి ఉంచుతుంది. బ్లూటూత్ అక్కర్లేకపోతే ‘డిజేబుల్-బీటీ’ ఓవర్లే (డివైస్ ట్రీ మీద వేసే చిన్న మార్పుల ఫైల్) వేసి పీఎల్011ను కన్సోల్‌కు తెచ్చుకోవడం ఇంకా మేలు.

మళ్లీ బిల్డ్ చేయకుండా బోర్డు మీదే మార్చి చూడొచ్చా?

చూడొచ్చు. యూ-బూట్ ప్రాంప్ట్‌లో ‘ఎఫ్‌డీటీ యాడ్ర్’తో డీటీబీ (కంపైల్ చేసిన డివైస్ ట్రీ) ఎక్కడుందో చెప్పి, ‘ఎఫ్‌డీటీ సెట్’తో చోజెన్‌లోని స్ట్రింగ్ మార్చి, ‘ఎఫ్‌డీటీ ప్రింట్’తో సరిచూసుకోండి. ల్యాప్‌టాప్‌లో అయితే ‘ఎఫ్‌డీటీపుట్’ అదే పని డీటీబీ ఫైల్ మీద చేస్తుంది. లినక్స్ లేచాక ‘ప్రాక్’ కింద ‘డివైస్-ట్రీ’ ఫోల్డర్‌లోని ‘చోజెన్’ చూడండి. కెర్నల్‌కు నిజంగా అందిన స్ట్రింగ్ అక్కడ ఉంటుంది. మీ డీటీఎస్‌లో ఏముందన్నది కాదు, అక్కడ ఏముందన్నదే లెక్క.

యూ-బూట్ స్పీడ్ కూడా ఇదే ప్రాపర్టీ నుంచి వస్తుందా?

మామూలుగా రాదు. పోర్టు ఏదన్నది ‘ఎస్‌టీడీఅవుట్-పాత్’ నుంచి తీసుకుంటుంది, స్పీడ్‌ను మాత్రం బిల్డ్‌లోని ‘కాన్ఫిగ్_బాడ్‌రేట్’ నుంచి, లేదా ‘బాడ్‌రేట్’ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ నుంచి తీసుకుంటుంది. యూ-బూట్‌కు కూడా తన సొంత ఎర్లీ కన్సోల్ ఉంది, డీబగ్ యూఆర్ట్ అంటారు. దానికి బేస్ అడ్రస్‌తోపాటు క్లాక్ కూడా కాన్ఫిగ్‌లో చేత్తో ఇవ్వాలి. కారణం మళ్లీ అదే, ఆ దశలో క్లాక్ ఎంతో అడగడానికి ఎవరూ ఉండరు.

జెఫిర్‌లోనూ ఇంతేనా?

కాదు, అక్కడ చాలా సులువు. జెఫిర్‌లో డివైస్ ట్రీ బిల్డ్ సమయంలోనే సీ మాక్రోలుగా మారిపోతుంది. ‘చోజెన్’లో ‘జెఫిర్,కన్సోల్’ ఏ యూఆర్టో చెబుతుంది, ఆ యూఆర్ట్ నోడ్‌లో ‘కరెంట్-స్పీడ్’ స్పీడ్ చెబుతుంది. మీ యాప్ ఓవర్లే ఫైల్లో ఆ ఒక్క ప్రాపర్టీ మార్చి మళ్లీ బిల్డ్ చేస్తే సరిపోతుంది. జెఫిర్ నుంచి లినక్స్‌కు వచ్చినవాళ్లు ‘కరెంట్-స్పీడ్’ మార్చి అన్నీ మారతాయని ఎదురుచూడటం అందుకే.

స్పీడ్ పెంచితే బూట్ త్వరగా అవుతుందా?

అవుతుంది. 115200లో సెకనుకు 11520 అక్షరాలు వెళ్తాయి. బూట్ లాగ్ 30000 అక్షరాలు ఉంటే అవి బయటికి వెళ్లడానికే 2.6 సెకన్లు. 9600లో అయితే 31 సెకన్లు, 1500000లో 0.2 సెకన్లు. ఎర్లీ కన్సోల్ ప్రతి అక్షరానికీ ప్రాసెసర్‌ను ఆపుతుంది కాబట్టి ఆ సమయమంతా బూట్ సమయంలో కలుస్తుంది. ప్రొడక్ట్ బయటికి వెళ్లేటప్పుడు ఎర్లీకాన్ తీసేయండి, కమాండ్ లైన్‌లో మెసేజ్‌లు తగ్గించే ‘క్వైట్’ పెట్టండి.

అన్నీ చూశాను. స్పీడ్ ఎంతో ఇంకా తేలలేదు.

తీగనే అడగండి. యూఆర్ట్ అక్షరాన్ని చివరి బిట్ నుంచి మొదలుపెట్టి పంపుతుంది. ఇంగ్లిష్ పెద్ద అక్షరం ‘యూ’ బిట్లలో 01010101, స్టార్ట్, స్టాప్‌లతో కలిపితే తీగ మీద ఒక బిట్ కింద, ఒక బిట్ పైన, అలా అక్షరం పొడుగునా మారుతూనే ఉంటుంది. బూట్‌లోడర్ ప్రాంప్ట్ నుంచి వరసగా ఆ అక్షరం పంపగలిగితే ఆసిలోస్కోప్‌లో చక్కని చతురస్ర తరంగం కనిపిస్తుంది. పంపలేకపోతే వస్తున్న చెత్తలోనే అతి సన్నని పల్స్ కోసం వెతకండి. దాని వెడల్పే ఒక బిట్. 1ని ఆ వెడల్పుతో భాగించండి. 104 మైక్రోసెకన్లయితే 9600, 8.68 అయితే 115200, 1.09 అయితే 921600, 0.67 అయితే 1500000. మీరు అడిగిన స్పీడ్‌కు సరిపోని అంకె వస్తే ఎవరో క్లాక్‌ను తప్పుగా ఊహించి డివైజర్ రాసి ఉండొచ్చు. వచ్చిన స్పీడ్‌ను మీరు అడిగిన స్పీడ్‌తో భాగించండి, అదే జరిగి ఉంటే, ఊహించిన క్లాక్‌కు అసలు క్లాక్ సుమారు ఎన్ని రెట్లుందో ఆ నిష్పత్తిలో కనిపిస్తుంది.